సాహిత్య చదవకుండా దాటేసిన పేరా

పొద్దున ఏడైంది. సత్తుపల్లి గని కాలనీలో శ్రీదేవి ఇల్లు ఆ వారం కాస్త నిదానంగానే తెల్లవారుతోంది. ఆమెది సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం మూడింటిదాకా తొందర లేదు. ఫస్టు షిఫ్టు వారమైతే అత్తగారు సోమమ్మ నాలుగింటికే గిన్నెలు మోగించి, కోడలితో పాటు వీధి మొత్తాన్నీ లేపుతుంది.

డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు సాహిత్య వంటింటి గోడకు ఆనుకుని కాగితాలు తిప్పుతోంది. తెలుగు క్లాసులో వాళ్లకు ఒక పాత నవల పాఠంగా ఉంది. అందరి మాటకూ తలూపుతూ బతికిన ఇల్లాలు తనకేం కావాలో తెలుసుకుని, చివరికి తన దారిన తాను నడిచిపోయే కథ. దాని మీద సాహిత్య ఈరోజు క్లాసులో వ్యాసం చదవాలి. మేడం పెట్టిన షరతు ఒకటే. నవలలోని ఆడమనిషి పక్కన మీ ఇంటి ఆడమనిషిని నిలబెట్టి రాయండి అంది.

"ఏందే, పొద్దుగాల్నుంచి లోపల్లోపలే గొణుక్కుంటున్నవ్? మాక్కూడ వినిపియ్యరాదే," అంది సోమమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ.

సోమమ్మకు అక్షరం ముక్క రాదు, వినాలన్న ఆశ మాత్రం మహా గట్టిది. సాహిత్యకు తప్పలేదు. నవల కథంతా బాగానే చదివింది. "అవ్, మంచిగ చేసింది" అంటూ సోమమ్మ మధ్యమధ్యలో ఆ ఇల్లాలినే వెనకేసుకొచ్చింది. మూడో కాగితం దగ్గర సాహిత్య గొంతు తడబడింది. ఒక పేరా దాటేసి గబగబా ముగింపులోకి దూకింది.

శ్రీదేవి పదో తరగతితో చదువు ఆపిన మనిషే. కానీ గని కాంటా దగ్గర రోజూ బొగ్గు లారీల నంబర్లు రాస్తుంది. ఒక్కటి తప్పినా పట్టేస్తుంది.

"నడుమ కొంచెం చదవలే నువ్వు. ఇటియ్యి."

"ఏం లేదమ్మా, బస్సు టైమైతాంది..."

శ్రీదేవి చెయ్యి తుడుచుకుని కాగితం లాక్కుంది. పైకే చదివింది. "మా ఇంట్లో అలా మేలుకోని మనిషి మా అమ్మ. నాన్న చనిపోతే ఆయన ఉద్యోగాన్ని ఆమె నెత్తిన పెట్టారు. తెల్లారకముందే నానమ్మ తరిమితే గనికి వెళ్తుంది, జీతం తెస్తుంది. నీకేం కావాలని అమ్మను ఎవరూ అడగలేదు."

సోమమ్మ చేతులు ఆగిపోయాయి. "నేను తరిమిన్నా బిడ్డా?" అంది మెల్లగా.

"మరి కాదా నానమ్మా? నాలుగింటికి లేపేది నువ్వే కదా! నాన్న పోయిన ఏడాది తిరగకముందే అమ్మకు గని బూట్లు తొడిగిన్రు. ఆ కొలువేదో బాబాయికే ఇస్తే అమ్మ ఇంటికాడ సుఖంగ ఉండేది!" సాహిత్య లేచి నిలబడింది. తప్పు దొరికిపోయిన వాళ్ల గొంతే ముందు లేస్తుంది మరి.

"నోర్ముయ్!" అంది శ్రీదేవి. ఆ ఇంట్లో ఆమె అరవడం ఎవరూ ఎరగరు.

"వద్దు కోడలా, పిల్లకు చెప్పకు."

"చెప్త అత్తమ్మా. ఇయ్యాల చెప్పకుంటే నలభై మంది ముందల మిమ్మల్ని రాక్షసిని చేస్తది."

గనిలో పనిచేసే మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అది కొడుక్కో తమ్ముడికో వెళ్లాలని కాలనీలో అందరూ అనుకుంటారు. భార్య చెయ్యాల్సిందల్లా అందుకు ఒప్పుకున్నట్టు సంతకం. శ్రీదేవి భర్త చందర్ గుండెపోటుతో పోయినప్పుడు సాహిత్య వైరా హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఇంట్లో జరిగినది ఆమె చెవిన పడనివ్వలేదు.

"మీ బాబాయి ఎల్లస్వామి కాగితాలు రాయించుకొచ్చిండు," అంది శ్రీదేవి. "కొలువు తనకిస్తే మనల్ని సాదుతనన్నడు. పెద్దమనుషులందరు సరే అనమన్నరు. నేను తలొంచుకొని కలం పట్టిన. గప్పుడు మీ నానమ్మ నా చెయ్యి పట్టుకొని, 'నీకేం కావాలె శ్రీదేవీ?' అనడిగింది. పుట్టిన కాడ్నుంచి నన్ను గా మాట అడిగిన మనిషి లేదే. నాకు కొలువు కావాలె, నా బిడ్డను నేనే చదివించుకుంట అన్న. గంత మాట నా నోట్లోంచి వస్తదని నాకే తెల్వదు."

ఆమె అత్తగారి వైపు చెయ్యి చూపింది. "కన్నకొడుకు ముందల్నే నా దిక్కు వేలిముద్ర ఏసింది. గా పొద్దు పోయినోడు మూడేండ్లాయె, ఈ గడప తొక్కలే. తల్లికి ఫోన్ గూడ చెయ్యడు."

"బాబాయి చర్ల దిక్కు పని దొరికి పోయిండన్నరు కదా..."

"నీకట్ల చెప్పమన్నది గూడ ఆమెనే. చిన్నపిల్ల మనసు విరగొద్దని."

సోమమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "లేటయితే 'ఆడదానికిస్తే గిట్లనే ఉంటది' అంటరు బిడ్డా. నా కోడలు గా మాట పడొద్దనే లేపుత."

సాహిత్యకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నవలలో ఆ ఇల్లాలు కన్నీళ్లు పెట్టుకున్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీతలు గీసుకుంది తను. ఒకే పొయ్యి చుట్టూ తిరిగే ఈ ఇద్దరినీ మాత్రం సరిగ్గా చూడనే లేదు. వెళ్లి నానమ్మ ఒడిలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"తప్పయింది నానమ్మా."

"ఊకో. చెప్పంది మేము, తప్పు నీదెట్లయితది?"

శ్రీదేవి కూడా వచ్చి పక్కన కూర్చుంది. "గా దినం మీరడగకుంటే నేనేడుంటుంటినో అత్తమ్మా," అంది. మూడేళ్లుగా ఆ మాట ఆమె గొంతులోనే ఉండిపోయింది. సోమమ్మ కోడలి వీపు నిమిరింది.

ఎనిమిదింటి బస్సు వెళ్లిపోయింది. సాహిత్య ఆ పేరా కొట్టేసి, అక్కడే నేల మీద బోర్లా పడుకుని కొత్తది రాసింది. అమ్మను అడిగిన మనిషి గురించి రాసింది. రాసింది రాసినట్టు, ఒక్క ముక్క వదలకుండా ఇద్దరికీ చదివి వినిపించింది.

సోమమ్మ చిక్కుడుకాయలు మళ్లీ దగ్గరికి లాక్కుని, "అవునే, గా నవల్ల పిల్లకు అత్త ఉన్నదా?" అని అడిగింది.

"ఉంది నానమ్మా."

"మంచిదేనా?"

సాహిత్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నీ అంత కాదు నానమ్మా. అందుకే పాపం, ఆమె ఒక్కతే పోవాల్సొచ్చింది."