డిక్కీలో దొరికిన బ్రేకు పెట్టె

గ్రాండ్ జంక్షన్ ఊళ్లోని ఆ చిన్న ఆఫీసుకి వెర్లా హాప్కె ఒక్కతే వచ్చింది. డెబ్బై రెండేళ్ల మనిషి. కుర్చీలో కూర్చున్నాక కూడా చేతిసంచీ ఒళ్లోంచి దించలేదు.

"మా ఆయన్ని నేనే చంపానేమో, మీరు తేల్చి చెప్పాలి," అంది.

ప్రైవేటు డిటెక్టివ్ రొవీనా స్ట్రౌడ్ కలం పక్కన పెట్టింది. ఆమె సహాయకుడు బర్డెట్ తలుపు మెల్లగా మూశాడు. ఇరవై ఏళ్లు పంతులుగా చేసినవాడు, రొవీనా దగ్గర మాత్రం ఇప్పటికీ విద్యార్థే.

వెర్లా, ఆమె భర్త ఓర్విల్ ఆరేళ్లుగా మోటార్‌హోమ్‌లోనే, ఇల్లులా అమర్చిన పెద్ద బస్సులాంటి బండిలోనే ఉంటున్నారు, వెనకాల తమ చిన్న కారు కట్టుకుని. జూన్‌లో కనుమ దిగుతుంటే ఆ పెద్ద బండి ఆగలేదు. మలుపులో కొండరాయికి కొట్టుకుంది. ఓర్విల్ అక్కడికక్కడే పోయాడు.

"వెనక కారుకి విడిగా బ్రేకు ఉండాలి కదా?" అంది రొవీనా.

"ఉందండీ, ఒక పెట్టె. డ్రైవరు సీటు ముందు కింద పెట్టి, దాని చెయ్యి పెడలుకి బిగిస్తాం. ఆయన ముందు బండిలో బ్రేకు వేస్తే అది వెనక కారు పెడలు తొక్కుతుంది. లేకపోతే దిగుడులో ఆ కారు బరువంతా మమ్మల్ని తోసేస్తుంది. కారు తగిలించడం ఆయన పని, పెట్టె బిగించడం నా పని. ముందురోజు సాయంత్రం ఆయన కారు తగిలించగానే బిగించాను. అది కదలకుండా సీటు కూడా ముందుకి జరిపాను. నాకు బాగా గుర్తు. పోలీసులకేమో అది డిక్కీలో దొరికింది."

"మరిచిపోయి ఉంటారన్నారా?"

"నేనూ తలూపాను. మా అమ్మాయి జోలీన్ నన్ను మతిమరుపు వాళ్ల హోమ్‌లో చేర్చడానికి కాగితాలు తెచ్చింది. దాన్ని తప్పుపట్టను. కానీ చెయ్యని పని చేసినట్టు గుర్తుంటే, నాకు గుర్తున్న మిగతావన్నీ నిజమేనా? ఆయనతో గడిపిన నలభై ఆరేళ్లూ?"

రొవీనా మళ్లీ కలం తీసుకుంది. "ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పండి."

"మేం బండి ఆపుకున్న క్యాంపులోనే మా మరిది డ్వైట్ కూడా ఉన్నాడు. తన పికప్ ట్రక్కు చెడిపోయి, మెకానిక్కు కోసం చూస్తున్నాడు. నేను లేచేసరికి వేడివేడి డోనట్లు తెచ్చిపెట్టాడు. ఆయన మూడు తిన్నాడు. ఎనిమిదింటికి బయల్దేరాం."

మర్నాడు పాత బండ్ల యార్డులో ఆ కారు చూశారు. పెద్దగా సొట్టలు కూడా పడలేదు. రొవీనా డ్రైవరు సీట్లో కూర్చుంటే కాళ్లు పెడలుకి అందలేదు. పోలీసుల ఫొటోలో కూడా సీటు అంతే వెనక్కి ఉంది. పక్కనున్న బ్రేకు పెట్టెని బర్డెట్ రెండు చేతులతో ఎత్తి ఆయాసపడ్డాడు.

"వెర్లాగారికి భుజం ఆపరేషన్ అయిందన్నారు కదూ?" అంది రొవీనా. "పద, ఆ క్యాంపుకి డోనట్ల కొట్టు ఎంత దూరమో చూద్దాం."

పదకొండు మైళ్లు.

ఆదివారం జోలీన్ ఇంట్లో తల్లీకూతుళ్లు, డ్వైట్, రొవీనా భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. బర్డెట్ గోడవార నిలబడ్డాడు. డ్వైట్ ఆరడుగుల పైచిలుకు మనిషి. ఎవరూ కాఫీ ముట్టుకోలేదు.

"వెర్లాగారు పెట్టె బిగించారు," అంది రొవీనా. "వాడనప్పుడు దాన్ని పక్క సీటు ముందుకి జరుపుతారే గానీ, ఎత్తి డిక్కీలో పెట్టడం ఆమె వల్ల కాదు. అయిదడుగులు లేని మనిషి సీటు అంత వెనక్కి నెట్టుకోదు. ఆ తెల్లవారుజామున ఎవరో పొడుగాటి మనిషి ఆ కారు విప్పి, పెడలుకి అడ్డంగా ఉన్న పెట్టె తీసి డిక్కీలో పెట్టి, నడిపాడు. డ్వైట్ గారూ, మీ పికప్ కదలడం లేదు. పదకొండు మైళ్ల అవతల నుంచి డోనట్లు వేడిగా ఎలా వచ్చాయి?"



"అన్నయ్యకి ఇష్టమని వెళ్లాను," అన్నాడు డ్వైట్. "తిరిగొచ్చి కారు తగిలించాను, వైర్లు పెట్టాను. ఇంతలో అన్నయ్య లేచాడు, మాటల్లో పడ్డాం. పెట్టె సంగతే మరిచిపోయాను."

"మరి నాలుగు నెలలుగా, బాబాయ్?" అంది జోలీన్. "అమ్మని హోమ్‌లో పెడతానంటే మంచిదన్నావు."

"పోలీసాయన అడగ్గానే వదిన తలూపింది. అప్పుడు చెప్పలేకపోయాను. ఆ తర్వాత రోజురోజుకీ ఇంకా కష్టమైపోయింది. పోనీ నీకు నిజంగానే మతిమరుపు వస్తే బాగుండునని కూడా అనుకున్నాను వదినా. అంత నీచుణ్ణి."

జోలీన్ తల్లి చెయ్యి పట్టుకోబోయింది. వెర్లా మెల్లగా విడిపించుకుంది.

"మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది, డ్వైట్. దానికి నిన్నేమీ అనను." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కానీ రోజూ పొద్దున్నే సమాధి దగ్గరికెళ్లి, నన్ను క్షమించమని ఆయన్ని బతిమాలుకుంటున్నాను. నువ్వే నన్ను కార్లో దించేవాడివి. గేటు దగ్గర నిలబడి చూసేవాడివి."

డ్వైట్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"రేపు కూడా దించు," అంది వెర్లా. "గేటు దగ్గర నేనుంటాను. నువ్వు లోపలికెళ్లి ఆయనతో చెప్పు."