నాలుగో పోర్టు

ఏమీ అనిపించకపోవడం నైపుణ్యమా, జబ్బా?

చీఫ్ బల్ల మీదకు తోసిన ఫోటోలో రహస్య సమాచారం మోసే కొరియర్ శవాన్ని చూస్తూ అతను తనకు తాను వేసుకున్న ప్రశ్న అది. నిన్నటిదాకా ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కాఫీ తాగినవారే. అయినా లోపల ఏ కదలికా లేదు. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతన్ని ‘రాయి’ అని ఊరికే అనరు.

“వీడి పేరు విదేశీ ముఠాకి చేరింది,” అన్నాడు చీఫ్. “కొరియర్ల లిస్టు ఉండేది ఒక్కచోటే, మన కోడ్ ఇంజనీరు ఇంట్లో. కొత్త లిస్టు ఇవాళ మనకి పంపుతాడు. అక్కడ వైఫై మాటిమాటికీ పడిపోతోంది. ఎవరో జామర్ పెట్టారు.”

“ఎందుకు?”

“విసిగిపోయి కేబుల్ వేయించుకుంటాడని. రౌటర్‌లో కేబుల్ గుచ్చే పోర్టులు నిండిపోయాయి. ఇంకొన్ని కావాలంటే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె తగిలించాలి. ఆ స్విచ్ తమదైతే ముఠా పంట పండినట్టే. టెక్నీషియన్‌గా నువ్వెళ్లు. మనది పెట్టు.”

“లోపల మనవాళ్లు?”

“సెక్రటరీ. మీ అక్క.”

తలుపు తీసింది అక్కే. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు, ఎవరినైనా తడబడేలా చేసే నవ్వు.

“పైగదికీ లైన్ వస్తుందా?” కోడ్ ప్రకారం అడిగింది.

“గోడకి కన్నం పెడితే వస్తుందండీ.”

ఆమె గొంతు తగ్గించింది. “ఒరేయ్, చిక్కిపోయావేంట్రా? తింటున్నావా అసలు?”

అతను బల్ల కిందకు దూరాడు. అతని సంచిలోంచి స్విచ్ తీసి అక్కే అందించింది. మొదటి పోర్టులో రౌటర్ నుంచి వచ్చిన కేబుల్, రెండో దానిలో ఇంజనీరు కంప్యూటర్, మూడో దానిలో ప్రింటర్. నాలుగో దానికి ఆమె ఇంకో కేబుల్ చేతిలో పెట్టింది. “ఇది నా టేబుల్‌ది.”

“స్పీడ్ చూస్తున్నా!” పైనుంచి ఇంజనీరు కేక వేశాడు.

స్విచ్ మీద రెండో పోర్టు దీపం మిణుకుమంది. దానితో పాటే, అదే లయలో, నాలుగోదీ. ప్రింటర్ దీపం నిలకడగా ఉంది. మామూలు స్విచ్ ఎవరి మాట వారికే చేరవేస్తుంది. ఇది ఇంజనీరు పంపే ప్రతిదాన్నీ అక్క టేబుల్‌కు కూడా మోస్తోంది. అంటే, ఇది అతను తెచ్చిన స్విచ్ కాదు.

“మార్చేశావు,” అన్నాడు.

“చూడనట్టు ఊరుకోరా. ఇద్దరం హాయిగా బతుకుతాం.”

“కొరియర్‌ని చంపింది నువ్వా?”

“పేరు చెప్పానంతే.”

“బాగుంది స్పీడు! లిస్టు పంపేస్తున్నా!” మళ్లీ పైనుంచి కేక.

కోపమో, దుఃఖమో వస్తుందని అతను క్షణంసేపు ఎదురుచూశాడు. చిన్నప్పుడు తనకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి బల్ల అంచున కనబడుతోంది. అయినా ఏదీ రాలేదు. మంచి పని చేయడానికి మనసు ముందుగా కరగాలన్న నియమం ఎక్కడుంది? లిస్టులో ఉన్నవాళ్లకు కావలసింది అతని కన్నీళ్లు కావు.

రెండో కేబుల్ పీకేశాడు. అక్క చెయ్యి నేల మీది హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్తోలును అందుకోకముందే, కేబుళ్లు కట్టే ప్లాస్టిక్ పట్టీతో ఆ మణికట్టును బల్లకాలికి బిగించాడు.

“ఏమయ్యా, లిస్టు పోనేలేదు! లైన్ ఏమైంది?”

“లైన్ వచ్చేస్తుంది సార్,” అన్నాడు రాయి, చీఫ్ నంబరు నొక్కుతూ. “సెక్రటరీగా మాత్రం మీరు కొత్తవాళ్లని చూసుకోవాలి.”