అమాస నాడు జారిన కార్డు

పదకొండుంబావుకు మట్టెవాడలోని ఊలు దుకాణం ముందు రిక్షా ఆగింది. నల్ల కళ్లద్దాలు, నైలెక్స్ చీర, ఖరీదైన సెంటు. దిగింది రోజలిన్. హనుమకొండలో బ్యూటీ పార్లర్ నడుపుతూ ఇటు ఢిల్లీకీ, అటు సరిహద్దు అవతలికీ వార్తలు అమ్మే మనిషి.

"ఆకుపచ్చ ఊలు దొరుకుతుందా?"

"వానాకాలంలో రాదు," అంది దుకాణంలో సూదులు ఎంచుకుంటున్న సారమ్మ. కోడ్ సరిపోయింది.

రోజలిన్ గొంతు తగ్గించింది. "పన్నెండూ పదికి జవాన్ల స్పెషల్ రైలు. మూడు వందల మంది. పోయిన నెల పట్టాల కింది ఒక మోరీలో పేలుడు మందు పెట్టారు. పక్కనున్న ఫోన్ తీగ మీద ఒక్క కాల్ వస్తే పేలుతుంది. పెట్టినవాడు మీ టెలిఫోన్ లైన్‌మన్లలో ఉన్నాడు. పేరు తెలీదు, చోటు తెలీదు."

"నాకెందుకు చెప్తున్నావు?"

"నేను వార్తలు అమ్ముతాను. శవాలు కాదు."

రిక్షా వెళ్లిపోయింది. సారమ్మ జీపెక్కింది.

ఎనిమిది నెలలుగా టెలిఫోన్ ఆఫీసులో ఆమె పైకి మామూలు గుమాస్తా, లోపల నిఘా మనిషి. ముతక చీర, టిఫిన్ డబ్బా. లైన్‌మన్ల కోసం జేబులో పట్టే పని కార్డు తయారుచేసింది ఆమే. ఒక్కో పనికి ఒక్కో కార్డు. అంచు వెంట ముప్పై ఒక్క రంధ్రాలు, తేదీకి ఒకటి. పని అయిన రోజు ఆ తేదీ రంధ్రాన్ని అంచుదాకా కత్తిరించాలి. కార్డుల కట్టలో ఒక తేదీ రంధ్రాల గుండా స్వెట్టర్ అల్లే సూది దూర్చి ఎత్తితే, ఆ రోజు అయిన పనుల కార్డులు జారిపడతాయి. మిగతావి సూదికే వేలాడతాయి. చదువు రానివాళ్లకూ అర్థమయ్యే పద్ధతి.

ఆఫీసు చేరగానే సారమ్మ ఫోన్ చేస్తే నిఘా చీఫ్ కృపానందం పొడిగా అన్నాడు: "రైల్వే సెక్షన్ ఫోన్లు పొద్దుటినుంచి డెడ్. వాళ్ల పనే. రైలు ఆపడానికి మనిషిని పంపాను, అందుకుంటాడన్న నమ్మకం లేదు. నీ దగ్గర ఏముంది?"

"కార్డులు, సార్."

పోయిన నెల కట్టలో ఏ తేదీకి సూది గుచ్చాలి? గుమ్మంలో బీడీ ఆర్పుతున్న ఫోర్‌మన్ కొమురెల్లి కనిపించాడు.

"పొద్దటి సంది ఇక్కడే ఉన్నవు. పనికి పోలేదా అన్నా?"

"ఇయ్యాల అమాస గదమ్మా. స్తంభం ఎవలు ఎక్కుతరు?"

సారమ్మ చెయ్యి ఆగింది. అమావాస్య నాడు లైను మీద మనిషి ఉండడు. ఉన్నాడంటే వాడు బయటివాడు.

పోయిన అమావాస్య రంధ్రాల్లోకి సూది దూర్చి ఎత్తింది. రెండు వందల కార్డులు వేలాడాయి. ఒక్కటి జారి నేలమీద పడింది.

రాంచందర్. మూడు నెలల కింద చేరినవాడు. పద్నాలుగో నంబర్ స్తంభం, మోరీ పక్కన.

"పట్టింపు లేనోడేమో," అంది సారమ్మ. "మన లైన్‌మన్ సాల్మన్‌కు సుత అమాస పట్టింపు లేదు గద."

"సాల్మన్‌కు లేదు. కానీ అమాస నాడు నిచ్చెన పట్టెటోడు దొరకాలె గద. ఒంటరిగ ఎవడు ఎక్కుతడు?"

"మరి రాంచందర్‌కు ఎవరు పట్టిన్రు?"

"గదే నేను అడుగుతాన."

వాడికి ఎవరో స్తంభాలెక్కడం నేర్పారు. కార్డు తప్పులేకుండా నింపడం నేర్పారు. అమాస గురించి చెప్పడం మరిచారు.

పన్నెండూ నాలుగు. మోరీ దగ్గర జీపు ఆగింది. దారిలోనే సారమ్మ కొమురెల్లికి రైలు సంగతి చెప్పింది. ఇనుప స్తంభం లోపలినుంచే తీగ కిందికి దిగింది. కొయ్యాలంటే పైనే కొయ్యాలి. అమాస నాడని కొమురెల్లి కదల్లేదు.

"నేను ఎక్కుతా," అంది సారమ్మ.

"ఏ తీగ కొయ్యాలెనో ఎరుకేనా?"

ఆమె జీపు మీది నిచ్చెన దించి స్తంభానికి ఆనించింది. దూరంగా రైలు కూత వినిపించింది.

"మూడు వందల మందా?"

"అవునన్నా."

"నిచ్చెన జర గట్టిగ పట్టమ్మా."

అతను ఎక్కాడు. సారమ్మ నిచ్చెన కాళ్లను రెండు చేతులా అదిమి పట్టింది. రైలు కట్ట మలుపులో ఇంజన్ పొగ లేచింది. పన్నెండూ తొమ్మిది. పైన కటింగ్ ప్లేయర్ టక్కుమంది. తెగిన తీగ పై కొసకు కొమురెల్లి లైను పరీక్షించే తన టెస్ట్ ఫోన్ తగిలించాడు.

అది మోగింది. మందును పేల్చాల్సిన కాల్ అందులోకే వచ్చింది.

మోరీ మీదికి రైలు వచ్చింది. కిటికీల్లో జవాన్లు పేకాడుతున్నారు. ఒకడు సారమ్మను చూసి చెయ్యి ఊపాడు.

కొమురెల్లి రైలు చప్పుడు మీదుగా ఫోన్‌లోకి అరిచాడు. "రాంచందరూ, పోయిన అమాసకు నీకు నిచ్చెన ఎవలు పట్టిన్రు బిడ్డా?"

అవతల ఫోన్ పెట్టేశారు.

సాయంత్రానికి మరిపెడ బస్సులో రాంచందర్ దొరికాడు. ఆఫీసులో సారమ్మ ఆ రోజు పని కార్డు తీసి కత్తెర పట్టింది.

కొమురెల్లి దగ్గరికొచ్చి గొణిగాడు. "రేపటి తారీకు కత్తిరించమ్మా. అమాస నాడు ఎక్కిన అని ఎరుకైతే మా ఇంటిది లక్ష్మీనర్సమ్మ బువ్వ పెట్టది."

సారమ్మ ఒక రంధ్రం అవతలికి జరిగి కత్తిరించింది. ఎనిమిది నెలల ఆపరేషన్‌లో ఆమె వేసిన దొంగ తారీకు అదొక్కటే.