పేరంటాల గుండం

విస్సన్నపేట దాటి కొండల్లోకి పోతే పేరంటాల గుండం అనే చోటు ఒకటుంది. పైనుంచి నీళ్ళు దూకుతాయి, కింద మడుగు. పగటిపూట కుర్రాళ్ళు ఈతలు కొడతారు గానీ, పొద్దు వాలితే పశువులు కూడా అటు మొహం పెట్టవు. చీకటి పడ్డాక ఆ నీళ్ళు మనిషి గొంతుతో మాట్లాడతాయని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకునేవి.

ఆ పేరు రావడానికి కారణం సుభద్ర. నూజివీడు మామిడికాయల వ్యాపారి జగన్మోహనరావు మొదటి భార్య, ఆయనకు స్వయానా మేనమామ కూతురు. ఈత వచ్చిన మనిషే. అయినా ఒక శ్రావణంలో సరదాగా నీళ్ళలో దిగి, అందరూ చూస్తుండగా మునిగింది… మళ్ళీ తేలలేదు. పసుపు కుంకాలతో పోయిన ఇల్లాలు కాబట్టి పేరంటాలయింది.

ఆ తర్వాత వచ్చిన రెండో భార్య పుష్పవతి. కథంతా ఈవిడది.

పేరంటాలున్న ఇంట్లో కొత్త చీర ఎవరికి కొన్నా ముందు ఆవిడకే పెట్టాలి. ఫొటో ముందు పీట వేసి, చీర మీద పసుపు కుంకుమ ఉంచి, "కట్టుకో తల్లీ" అని దణ్ణం పెట్టాలి. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళు కట్టుకోవాలి. కాపురానికొచ్చిన నాటి నుంచీ పుష్పవతి ఒంటి మీదికొచ్చిన ప్రతి చీరా సవతి కట్టి విడిచిందే.

"బతికున్న సవతైతే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. పటంలో ఉన్నదానితో ఎక్కడ పోట్లాడను?" అని పక్కింటివాళ్ళ దగ్గర వాపోయేది.

చీరలదేముంది లెండి. అసలు మంట వేరే. ఆ ఫొటో ముందు నిలబడ్డప్పుడు మొగుడి గొంతు వెన్నలా మెత్తబడేది. ఆ గొంతుతో తనను ఒక్కసారి, ఒకే ఒక్కసారి పలకరిస్తే చాలని పుష్పవతి ఏడవని రోజు లేదు.

ఎనభై నాలుగులో కాయకు మంచి ధర పలికింది. తోటల పని ముగిశాక జగన్మోహనరావు వేలంలో ఒక పాత మిలిటరీ జీపు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి. రాయయినా బురదయినా దానికి లెక్క లేదు. కొత్తగా బండి కొంటే ఎవరైనా బెజవాడ దుర్గమ్మ దగ్గరికి పూజకు తీసుకెళ్తారు. ఈయన మాత్రం చిలకపచ్చ పట్టుచీర ఒకటి కొనుక్కొచ్చి, "ఈసారి ఫొటోకి కాదు పుష్పా, గుండం దగ్గరే పెడదాం" అన్నాడు.

పుష్పవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా జీపెక్కింది. ఎక్కకపోతే వాళ్ళిద్దరే ఉంటారుగా అక్కడ!

దార్లో ఒక వాగు పొంగి ఆలస్యమైంది. కొండ మొదట్లో ఆఖరి గుడిసె రిబ్కమ్మది. కట్టెలు కొట్టుకు బతికే మనిషి. జీపు చూసి అడ్డమొచ్చింది.

"అయ్యగారూ, పొద్దోయింది. రేపు రండి. ఈ యేళప్పుడు ఆడకూతుర్ని అటు తీసుకెళ్ళకండి."

"చీర పెట్టేసి చప్పున వచ్చేస్తాంలే" అని ఆయన గేరు మార్చాడు.

జీపు మూలుగుతూ రాళ్ళెక్కింది, బురద దాటింది… తీరా మడుగుకు కాస్త ఇవతల వెనక చక్రం కూరుకుపోయింది. అప్పటికే మసక చీకటి.

"లైట్లు వేసి ఉంచుతా. నువ్వెళ్ళి ఆ బండ మీద చీర పెట్టు. చక్రం కింద రాళ్ళేసి వస్తా" అన్నాడాయన.

పుష్పవతి ఒక్కతే నడిచింది. నీటి హోరు… తుంపర… జీపు లైట్ల వెలుగులో మడుగు నల్లగా కదులుతోంది. పొట్లం విప్పింది. చిలకపచ్చ తళుక్కుమంది. ఎంత బాగుంది! ఇంత మంచి చీర తనకోసమని ఆయన ఏనాడైనా కొన్నాడా?

"ఇన్నాళ్ళూ నీ తర్వాతే కట్టుకున్నా…" నీళ్ళ వైపు చూసి పళ్ళ బిగువున అంది. "ఈ ఒక్కటీ ముందు నేను."

బండ చాటుకు పోయి చీర మార్చుకుంది. గట్టు మీదికొచ్చి, తన నీడ చూసుకుందామని నీళ్ళ మీదికి వంగింది.

కాలు జారింది.

మెడదాకా నీళ్ళు… కాళ్ళకు నేల తగల్లేదు. అంతలో కొంగు ఎవరో పట్టుకున్నారు. గుంజలేదు. బట్టల కొట్లో నాణ్యం చూసేవాళ్ళలా… వేళ్ళ మధ్య మెల్లగా నలుపుతున్నారు!

అప్పుడు వినిపించింది ఒడ్డు మీంచి, మొగుడి గొంతు. ఫొటో ముందు వినిపించే ఆ మెత్తటి గొంతే.

"వదిలెయ్ సుభద్రా… ఇక నాకు పుష్పే కావాలి."

కొంగు వదులైంది. చేతికి చెట్టు వేరు ఒకటి తగిలితే పట్టుకుని ఎలాగో ఒడ్డెక్కి పడింది.

కాసేపటికి టార్చిలైటుతో ఆయనొచ్చాడు. తడిసిన చీర చూశాడు. తిడతాడేమోనని పుష్పవతి బిక్కచచ్చిపోయింది. ఆయన మాత్రం భుజం మీది తువ్వాలు తీసి ఆమెకు కప్పాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

బండి ఎలా కదిలిందో, వాగు ఎలా దాటారో ఆమెకు తెలీదు. విస్సన్నపేటలో జీపు ఆపి ఆయనే దిగి వేడి వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చిచ్చాడు. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు. పుష్పవతికి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. చచ్చినదాని మీద గెలవడమంటే మాటలా!

తోటల మధ్య రోడ్డు మీదికొచ్చాక నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ… ఇందాకటి మాట ఇంకోసారి అనరూ?"

"ఏ మాట?"

"అదే… ఒడ్డు మీద నిలబడి అన్నారుగా, వదిలెయ్ సుభద్రా అని…"

ఆయన జీపు వేగం తగ్గించాడు.

"నేను ఒడ్డుకే రాలేదు పుష్పా. బండి కింద దూరి మట్టి తీస్తున్నా."

బజ్జీ ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"మరి… మీ కళ్ళల్లో నీళ్ళెందుకు?" గుసగుసగా అడిగింది.

"నీకూ వినబడిందనుకున్నా…" ఆయన గొంతు వెన్నలా మెత్తబడింది. "నీళ్ళలోంచి… 'చీర బాగుంది బావా' అంది."

ఆయన్ని బావా అని పిలిచిన ఆడమనిషి ఈ లోకంలో ఒక్కతే. బజ్జీలు, తువ్వాలు, కూనిరాగం… ఏవీ తనకోసం కావని పుష్పవతికి అప్పుడర్థమైంది. గుండె భగ్గుమంది.

జగన్మోహనరావు ఒక చేత్తో ఎదురుగా ఉన్న అద్దం సవరించుకున్నాడు. వెనక సీటు కనిపించేలా… సవరించుకుని, అందులోకి చూస్తూ నవ్వాడు.

పుష్పవతికి వెనక్కి చూడకూడదని తెలుసు. చూస్తే వెనకొచ్చినది ఒంటి మీదికొస్తుందనీ తెలుసు. కానీ ఇన్నేళ్ళ కడుపుమంట ముందు భయం ఏపాటిది?

తిరిగి చూసింది.