తెర వెనక వెండి రేకు

శనివారం పొద్దున టోర్కిల్ మామూలుగానే నల్లరొట్టె మీద వెన్న రాసుకుంటూ, మామూలుగానే కూతుర్ని, ఆమె చేసిన చిన్న స్పీకర్‌ని తిడుతున్నాడు. పడమటి జట్లాండ్ పల్లెల్లో స్పీకర్లంటే ఆయన పేరే చెప్తారు. పశువుల కొట్టాన్ని కార్ఖానాగా మార్చి ముప్పై ఏళ్లయింది. ఆయన చేసిన జత ఒకటి కొనే డబ్బుతో ఒక కారు వస్తుంది.

"ఆ అగ్గిపెట్టె మీద నా పేరా? చిన్న పెట్టె, లోతైన బాస్ స్వరం, పెద్ద చప్పుడు, మూడూ ఒక్కచోట ఇమడవే సిగ్నె! అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలా?"

"నేను లోతు వదులుకున్నా నాన్నా. ఆ మాట కొనేవాళ్లకి ముందే చెప్తున్నా. అందుకే పదో వంతు ధరకి ఇస్తున్నా. నువ్వేం వదులుకున్నావో చెప్పు."

"ఏమీ వదులుకోలేదు. అందుకే ఆ ధర!"

ఆ ధరలో సగం పెట్టె నెత్తిన ఉండే వెండి రేకుదే. అతి సన్నని శబ్దాలు పలికేది అదే. ఏటేటా ఆయన దాని జోరు పెంచుతూ వచ్చాడు. నాలుగేళ్ల కిందట ఐనర్ అనే పాత పనివాడు, "పాటలో 'స' వచ్చినప్పుడల్లా చెవిలో సూది దిగుతోందండీ" అన్నాడు. "చెవులా, గరిటెలా అవి?" అని అందరి ముందూ కడిగేసి, ఇరవై ఏళ్ల మనిషిని ఆ పూటే పంపేశాడు. తర్వాత కొన్నవాళ్లు తిప్పి పంపిన జతలకి మాత్రం వాళ్ల గదులే బాగాలేవన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఏ పెట్టె గొప్పదో నల్ల తెర వెనక వినిపించి తేల్చాలి. తప్పు చెప్పినవాడు నోరు మూసుకోవాలి.

"తెర వేద్దాం," అంది సిగ్నె. "నువ్వు తప్పు చెప్తే నా పెట్టె మీద నీ పేరు వెయ్యాలి." సాక్షులుగా తల్లితో పాటు ఐనర్‌ని కూడా పిలిపించింది. వాడెందుకని తండ్రి మండిపడ్డాడు, అయినా కూర్చున్నాడు.

ముందు ఒక జత పాడింది, తర్వాత ఇంకొకటి.

"రెండోది నాది," అన్నాడు టోర్కిల్, కళ్లు మూసుకునే. "ఆ వెండి రేకు వినండి, తేనె కారుతోంది. గరిటె చెవులకి తెలీదులే."

సిగ్నె తెర లాగింది. "నిజమే నాన్నా, అది నీదే." ఏప్రన్ జేబులోంచి రెండు రేకులు తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వు మెచ్చుకున్న తేనె మాత్రం పొద్దుట్నుంచీ నా జేబులో ఉంది. ఇప్పుడు చెప్పు, ఎవరివి గరిటెలు?"

టోర్కిల్ లేచి, రేకులు ఉండాల్సిన చోట ఖాళీని వేలితో తడిమాడు. ముఖం పాలిపోయింది. ఐనర్ తల దించుకుని, "నన్నెందుకు పిలిచావమ్మా దీనికి?" అన్నాడు.

ముసలాయన భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా బోదిల్?"

"మూడు వేసవులయింది. గడ్డిలో మిడతలు హోరెత్తిపోతుంటే, నీకు ఒక్కటీ వినబడక, పక్క రైతు మందు కొట్టి అన్నిటినీ చంపేశాడని వాడి మీదికి పోట్లాటకి వెళ్లావు. ఆ రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పిన ఐనర్‌కి ఏమైంది?" అని, ఆమె కూతురి వైపు చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన చలికాలం."

"ఇన్నాళ్లూ దాచి, మనిషిని ఇలా నలుగురిలో నిలబెట్టడానికా? నువ్వు అచ్చం మీ నాన్న కూతురివే."

ఈ ముఖం చూడాలని సిగ్నె నెలల తరబడి కాచుకుంది. చూశాక, బల్ల మీది రేకులు తీసి తండ్రి చేతిలో పెట్టింది. తల్లి అన్న మాట నిజం, ఆ నిజం ఆమెకి ఎక్కడో బాగా లోపల తగిలింది.

టోర్కిల్ రేకులు తిరిగి తన పెట్టెలకి బిగించి, పాట పెట్టాడు. "నీ దాని మీద నా పేరొద్దు. నీ పేరే వేసుకో. వినబడేవాళ్ల పేరుండాలి." రేకు జోరు తగ్గించే మర మీద వేలుంచాడు. "ఎక్కడ ఆపాలో చెప్పవే."

"ఇంకా తగ్గించు."

తిప్పాడు.

"ఇంకా తగ్గించండి," అన్నాడు ఐనర్ మెల్లగా.

మర చివరిదాకా వచ్చేసింది.

"ఆపు నాన్నా."

"బాగుందా?"

ఆయనకి మొదట్నుంచీ ఒకేలా ఉంది.

"చాలా బాగుంది నాన్నా," అంటూ సిగ్నె ఆ చేతిని పట్టుకుని భోరుమంది.