జాబితాలో ఏడో వస్తువు

"ముప్పై రెండు కోర్లు రబాబ్! ముప్పై రెండు!" అన్నాడు వజీహ్, రొట్టెముక్క పప్పులో ముంచుతూ.

రబాబ్ చేతిలోని టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. ఈ మనిషికి కంప్యూటర్ మీటను ఏ వైపు నొక్కాలో కూడా సరిగా తెలియదు! పన్నెండేళ్ళ కాపురంలో ప్రాసెసర్ అన్న మాట అతని నోట ఒక్కసారైనా వచ్చి ఎరగదు. అతని పని కెమెరా భుజాన వేసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళడం. తెచ్చిన బొమ్మలను కోసి, అతికించి, పాటలు పేర్చి, పెళ్ళికూతురి ఏడుపును కూడా అందంగా చూపించడం రబాబ్ పని. షుబ్రా పేటలో వాళ్ళ చిన్న స్టూడియో ఆ రెండు పనుల మీదే నడుస్తోంది. అలాంటిది, పది రోజుల క్రితం కంప్యూటర్ కాలిన వాసన కొట్టి, పొగ కక్కి ఆగిపోయింది. పక్క వీధి నుంచి అరువు తెచ్చిన ఒక ముసలి డబ్బాతో ఎలాగో నెట్టుకొస్తున్నారు. పండగ తరువాత పెళ్ళిళ్ళు వరద కట్టాయి... పెళ్ళికూతుళ్ళ తల్లులు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నారు!

"మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ తెచ్చుకుందామనేగా అనుకున్నాం?" అంది రబాబ్ నెమ్మదిగా. "కొత్తది, గ్యారంటీతో వస్తుంది. కెమెరా ఫైళ్ళు దాంట్లో చిటికెలో తెరుచుకుంటాయి. పెళ్ళి వీడియోకి నలుగురు చురుకైన పనివాళ్ళు చాలు వజీహ్, ముప్పై ఇద్దరిని పెట్టుకుంటే సగం మంది గోడకి ఆనుకుని నిలబడతారు. మొదట నువ్వూ సరేనన్నావుగా?"

"అన్నాను... కానీ వర్క్‌స్టేషన్‌దైతే వేరు. పెద్ద పనులకి పెద్దదే ఉండాలి. ఒకళ్ళింట్లో ఉంది, వాడినా కొత్తదానిలాగే ఉంది."

"ఎవరింట్లో?"

"ఉన్నార్లే... తెలిసినవాళ్ళు."

అంతే! మిగతాదంతా బెల్లం కొట్టిన రాయి. రొట్టె సగంలో వదిలేసి లేచిపోయాడు. అతను తిండి సగంలో వదిలేయడం రబాబ్ ఎన్నడూ చూడలేదు. ఆవగింజంత అనుమానం ఆ క్షణంలోనే ఆమె గుండెలో పడింది.

పడిన గింజకు నీళ్ళు పోసింది, హజ్ చేసొచ్చి అందరిచేతా హాగ్గా అనిపించుకునే అత్తగారు ఇన్షిరాహ్. ఆ మధ్యాహ్నం ఇద్దరూ కూరకి ములూఖియా ఆకు తుంచుతూ కూర్చున్నారు. హాగ్గా చెడ్డ మనిషి కాదు. కాకపోతే కడుపులో మాట పది నిమిషాలకు మించి దాగదు, ఆ పది నిమిషాలూ ఎదుటివాళ్ళను ఊరించడమంటే ఆవిడకు మహా సరదా.

"ఎవరో డాక్టరమ్మట..." అంది ఆకు వంకే చూస్తూ.

"ఎవరికి ఒంట్లో బాగాలేదు హాగ్గా?"

"ఒళ్ళు బాగాలేనివాడు అంత గొంతు తగ్గించి మాట్లాడతాడా తల్లీ? డాబా మీదికెళ్ళి మరీ మాట్లాడాడు. 'ఈ శుక్రవారం వస్తాను దక్తూరా, తనకి తెలియనివ్వొద్దు' అన్నాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను, వినాలని విన్నానా ఏంటి? నా కొడుకు బంగారమే అనుకో... కానీ మగాడు! మనవడు లేడని నేనెప్పుడైనా ఒక్క మాట అన్నానా నిన్ను?"

అన్నారు. వెయ్యిసార్లు అన్నారు! ఒక్క ఆడపిల్ల లమీస్‌తో ఆగిపోయిందని పెళ్ళికీ పేరంటానికీ అందరి ముందూ అన్నారు. రబాబ్ ఇంకో కాడ అందుకుంది. చేతిలోని ఆకు నలిగి ముద్దయిపోయింది. "తనకి తెలియనివ్వొద్దు" అంటే ఆ 'తను' ఇంకెవరు! అప్పుడే ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. కెమెరాను పైకెత్తి తిప్పే క్రేన్, వజీహ్ ప్రాణం పెట్టి చూసుకునేది, వారం రోజులుగా స్టూడియోలో లేదు. అడిగితే "రిపేరుకిచ్చాను" అన్నాడు. రిపేరుకిచ్చిన వస్తువుతో పాటు దాని పెట్టె కూడా వెళ్ళిపోతుందా? అమ్మేశాడు! ఎవరి కోసం అమ్మాడు?

ఆ సాయంత్రం అతను నమాజుకు కాళ్ళు కడుక్కుంటుంటే అతని ఫోన్ మోగింది. 'దక్తూరా' అని కనిపించింది. రబాబ్ ఫోనెత్తి చెవికి ఆనించుకుంది.

"వజీహ్, శుక్రవారం నమాజు కాగానే వచ్చెయ్ నాయనా," అంది తేనెలో ముంచిన గొంతు. "దొక్కీలో మెట్రో దిగి పూలకొట్టు పక్క సందు, నాలుగో అంతస్తు. లిఫ్టు పాడైంది. ఆ కాగితం మర్చిపోకు!"

కాగితం! ఏ కాగితం? పెళ్ళికి సంబంధించిన కాగితం ఈ దేశంలో ఆడదానికి ఒకటే ఉంటుంది... సామాను జాబితా! పెళ్ళినాడు కొత్త కాపురంలోకి చేరే మంచం, బీరువా, స్టవ్వు, చెంచాలతో సహా అన్నీ రాసి పెళ్ళికొడుకు చేత సంతకం పెట్టిస్తారు. అందులో ఉన్నదంతా ఆడదానిదే. రేపు మాటామాటా వచ్చి విడిపోతే చెంచాతో సహా అప్పజెప్పాలి, లేకపోతే జైలు. అందుకే ఆ కాగితాన్ని పిల్ల పుట్టింటివాళ్ళు ప్రాణంలా దాస్తారు, అల్లుడి కంట కూడా పడనివ్వరు.

రెండు వీధుల అవతల ఉన్న తల్లి ఇంటికి రబాబ్ చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరుగెత్తింది.

"అమ్మా! నా జాబితా ఏదీ?"

తల్లి కళ్ళద్దాలు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. "జాబితా ఎందుకే ఇప్పుడు? కూర్చో, సోంపు టీ పెడతాను."

"అమ్మా!!"

"...వజీహ్ వచ్చి పట్టుకెళ్ళాడు. మళ్ళీ తెచ్చిస్తానన్నాడు."

రబాబ్ గోడకు చేరగిలబడిపోయింది. "ఇచ్చేశావా? అల్లుడి చేతికే ఇచ్చేశావా? పిల్లికి పాలు అప్పగిస్తారా అమ్మా ఎవరైనా! వీధిలో ఏ ఆడదాన్నైనా అడుగు, మొగుడు జాబితా పట్టుకెళ్ళాడంటే అర్థమేమిటో! ఇంకోదాన్ని తెస్తున్నాడు! నన్ను వట్టి చేతులతో బయటికి గెంటుతాడు... ఈ పన్నెండేళ్ళు ఆ స్టూడియోలో నా కళ్ళు అరగదీసుకున్నందుకు ఒక్క చెంచా కూడా మిగల్చడు!"

"ఒట్టేయించుకున్నాడే, నీకు చెప్పనని..." తల్లి గొణిగింది. "పెద్దదాన్ని, ఒట్టు తప్పమంటావా? అతను అలాంటివాడు కాదు."

"అందరి మొగుళ్ళూ ఆ రోజు వచ్చేదాకా అలాంటివాళ్ళు కారు!" అని రబాబ్ ఏడ్చేసింది. మీ నాన్న ఉండి ఉంటే... అని తల్లి ఏదో అనబోయి నాలుక కరుచుకుంది. ఆ ముసలావిడ పెదవుల మీద నవ్వులాంటిదేదో మెదిలిందని రబాబ్‌కు అనిపించింది. కన్నతల్లి కూడా వాళ్ళతో కలిసిపోయిందా! ఆ అనుమానంతో ఆమె కన్నీళ్ళు ఆగిపోయి ఒళ్ళంతా మండిపోయింది.

శుక్రవారం వచ్చింది. వజీహ్ ఉతికిన చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని, "స్నేహితుణ్ణి చూసొస్తా" అని బయలుదేరాడు. అత్తరు! రబాబ్ లమీస్‌ను హాగ్గాకు అప్పగించి, అతని వెనక మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె ఎక్కింది. దారి పొడుగునా తిట్లు కూర్చుకుంది. నాజూకు చేతులకు పాలిష్ వేసుకున్న ఒక డాక్టరు కళ్ళ ముందు కదిలింది. ఆవిడకు కంప్యూటర్లు బాగా తెలుసు కాబోలు, ముప్పై రెండు కోర్ల కబుర్లు అక్కడివే! ఆ పెద్ద ప్రాసెసర్ ఆవిడ కట్నం కాబోలు. రేపు స్టూడియోలో నా కుర్చీలో కూర్చుని నా పని కూడా తనే చేస్తుంది కాబోలు... మొగుడు పోతే పోయాడు, ఆ కుర్చీ కూడా పోతుంది!

నాలుగో అంతస్తు గుమ్మం ముందు వజీహ్ బూట్లు ఉన్నాయి. పక్కపక్కన, బుద్ధిగా విప్పిపెట్టి! ఇంట్లో ఎన్నడూ ఒక బూటు వంటింట్లో, ఒకటి వరండాలో పారేసే మనిషి!

రబాబ్ తలుపు అరచేత్తో బాదింది. "తెరువు! నా మొగుణ్ణి బయటికి పంపు!"

తలుపు తెరుచుకుంది. డెబ్బై ఏళ్ళ ఆవిడ, తెల్లటి పొట్టి జుట్టు, చేతికర్ర. కళ్ళద్దాల మీదుగా చూసి, "నీ మొగుడు బల్ల కింద ఉన్నాడమ్మా, దుమ్ము దులుపుతున్నాడు," అంది. ఆ తేనె గొంతే! తరువాత ఇంకాస్త దగ్గరికొచ్చి, "రబాబ్ ఖైరీ! మూడో సంవత్సరం, కిటికీ పక్క బల్ల! పావురాల పిల్లవి కదూ నువ్వు!" అంది.

రబాబ్ అప్పుడు గుర్తుపట్టింది. దక్తూరా సాఫినాజ్! కళల కాలేజీలో కార్టూన్ సినిమాలు నేర్పిన టీచరు, మందుల డాక్టరు కాదు, చదువుల డాక్టరు. డాబా మీద పావురాలు పెంచే పిల్ల కథను రబాబ్ పదకొండు నిమిషాల సినిమాగా మొదలుపెట్టింది. నాలుగు నిమిషాల సినిమా తయారయ్యాక పెళ్ళైంది, చదువు ఆగింది, సినిమా ఆగింది. ఒకసారి వజీహ్ ఆ బొమ్మల ఊసెత్తితే రబాబ్ రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

బల్ల కింద నుంచి వజీహ్ పాకుతూ బయటికొచ్చాడు. నెత్తి మీద దుమ్ము, ఉతికిన చొక్కా మసి.

"నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు దొంగలా.

"జాబితా ఇవ్వు!" రబాబ్ చెయ్యి చాపింది. "ముందు నా జాబితా నా చేతిలో పెట్టు, తరువాత మాట్లాడు!"

అతను జేబులోంచి మడత కాగితం తీశాడు. "కంప్యూటర్ కాలిపోయినప్పుడు నాకు భయమేసింది రబాబ్. అది నీ పెళ్ళి సామానులోది, నా చేతుల్లో పోయింది. జాబితాలో ఏమని రాశారో, అలాంటిదే తెచ్చిపెట్టాలి కదా అని మీ అమ్మనడిగాను. ఏడో వస్తువు చూడు. సంతకమైతే పెట్టాను గానీ, ఆ రోజు నేను చదవలేదు... ఎవరు చదువుతారు? మామయ్య పక్కన నిలబడి పెన్నిచ్చాడు, పెట్టేశాను."

మంచం, బీరువా, స్టవ్వు, తివాచీలు... ఏడో వరుస. రైల్వే వర్క్‌షాపులో లేతు యంత్రం మీద పనిచేసిన చేయి, అక్షరాలు కూడా ఇనుములో చెక్కినట్టే రాసింది. పోయిన నాన్న చేతిరాత!

'కంప్యూటర్ ఒకటి. ప్రాసెసర్: బజారులో అన్నిటికంటే పెద్ద పనులు చేసేది. ఇది అమ్మాయి సొంత పనికి. ఇంటి పనికి కాదు.'

రబాబ్ ఆ వరుసను రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు కనిపించలేదు.

"పన్నెండేళ్ళు..." అన్నాడు వజీహ్. "పన్నెండేళ్ళు నీ వస్తువు మీద ఊళ్ళోవాళ్ళ పెళ్ళి వీడియోలు చేయించుకున్నాను! నీ కళ్ళ చుట్టూ నలుపు చూస్తూనే 'ఇది ఒక్కటీ చేసిపెట్టు, ఒక్కటే' అన్నాను. సంతకం పెట్టి మరీ మాట తప్పినవాణ్ణి, నీకు ముఖం చూపించి ఎలా చెప్పను? నాకేం తెలుసు కోర్లంటే! నీకు సినిమా నేర్పిన దక్తూరాని వెతుక్కుంటూ వచ్చాను. ఈవిడ చెప్పిందే నీకు అప్పజెప్పాను. దీని కోసమే క్రేన్ కూడా అమ్మేశాను."

"నేను ముందే చెప్పానమ్మా," అంది సాఫినాజ్. "పెళ్ళి వీడియోలకైతే నా భార్య... కాదు, రబాబ్ ఎంచుకున్న మామూలుదే సరైనదని. ఇది వాటికి నెమ్మది కూడా. కానీ నీ పావురాలు! ఒక్కో బొమ్మలో వెయ్యి ఈకల మీద ఎండ పడాలి. ముప్పై రెండు కోర్లూ ఒక్కసారి పని మీద పడితే గానీ ఆ సినిమా నీ జీవితకాలంలో తేలదు. నాకు చూపు తగ్గింది, ఇది ఊరికే మూలన పడి ఉంది. ఇంకెవరికీ ఇవ్వను." ఆవిడకు నవ్వొచ్చింది. "చూశావా, నీ మొగుడు ఇక్కడ కూర్చుని ప్రతి మాటకీ 'నా భార్య, నా భార్య' అని నా నాలుకకి కూడా అంటించాడు."

రబాబ్ ఏడుస్తూనే నవ్వింది. దారి పొడుగునా కూర్చుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో తెలియలేదు. ఇలాంటి మనిషినా నేను అనుమానించింది! అత్తరు కూడా టీచరమ్మ ఎదుట మర్యాదగా ఉండాలని పూసుకున్నదేనా! సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది. అయినా ఆమె రబాబ్. కళ్ళు తుడుచుకోగానే అసలు సంగతి అడిగింది.

"రెండూ కొనలేం. ఇది తీసుకుంటే పెళ్ళి వీడియోలు ఆలస్యమవుతాయి. ఆ తల్లులు ఊరుకుంటారా? ఎవరు చెప్తారు వాళ్ళకి?"

"నేను చెప్తా."

"నీ నెత్తి తింటారు."

"తిననీ. ఇన్నాళ్ళూ నీది తిన్నారుగా."

తిరుగు ప్రయాణంలో రబాబ్ ఆడవాళ్ళ పెట్టె ఎక్కలేదు. ఒళ్ళో బరువైన డబ్బాను పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్న వజీహ్ పక్కనే కూర్చుంది.

"జాబితా మీ అమ్మకిచ్చేద్దామా?" అన్నాడతను మెల్లగా.

"వద్దు. నా దగ్గరే ఉంటుంది."

"ఇంకా అనుమానమేనా రబాబ్?"

"నీ మీద కాదు, పెళ్ళిళ్ళ సీజన్ మీద! రేపు ఎవరో పెళ్ళికూతురి తల్లి ఏడుస్తుంది, నువ్వు కరిగిపోయి 'ఒక్కటే, ఈ ఒక్కటే' అంటావు. నాకు తెలీదూ!" ఆమె సంచిలోంచి పెన్ను తీసి, కాగితం అతని డబ్బా మీద పరిచింది. "ఏడో వస్తువు కింద మళ్ళీ సంతకం పెట్టు. ఈసారి చదివి పెట్టు."

ఎదుటివాళ్ళు వింతగా చూస్తుంటే వజీహ్ ఆ వరుసను వేలితో తడుముతూ పైకి చదివాడు. 'అమ్మాయి సొంత పనికి' అన్న ముక్క రెండుసార్లు చదివి, చివరిదాకా చదివాడు, సంతకం పెట్టాడు. రబాబ్ సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని మడిచి తన సంచిలో పెట్టుకుంది.