ఈనాక్ ట్రాంటర్ చక్ కీ

ఇంగ్లండులో నెదర్టన్ కాలువ గట్టున, మూడో వంతెన దాటాక, ఈనాక్ ట్రాంటర్ షెడ్డు ఉండేది. చీకటి పడితే ఆ గట్టున నడిచేవాళ్ళు లేరు. బొగ్గు పడవలవాళ్ళు కూడా అక్కడికి రాగానే పాట ఆపి, పడవ లాగే గుర్రాన్ని అదిలించేవాళ్ళు. తాళం వేసిన షెడ్డులోంచి... టింగ్... అని ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు వచ్చేదట. ఒక్కసారే. ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఈనాక్ ఆ షెడ్డులోనే పోయాడు, ఇనుము చెక్కే తన లేత్ మెషిన్ ముందే. లేత్‌కి చక్ అని ఒకటుంటుంది — చెక్కాల్సిన ముక్కని పట్టుకుని గిర్రున తిరిగే ఉక్కు పిడికిలి. దాన్ని బిగించడానికి చిన్న ఇనుప కీ. బిగించాక కీ తీసెయ్యాలి. మరిచిపోయి స్విచ్చి వేస్తే అది తూటాలా ఎగిరొస్తుంది. ఈనాక్‌కి నుదుటి మీద తగిలింది. నలభై ఏళ్ళు అందరినీ "కీ తీశావా?" అని తిట్టిన మనిషి!

నేను బర్మింగ్‌హామ్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివినవాణ్ణి. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి. నాకు నచ్చింది మా గురువారం సంఘం — ఇంట్లో లేత్ పెట్టుకుని చిన్న చిన్న యంత్రాలు చేసుకునే పదిమంది. వీళ్ళదో వింత జబ్బు. భార్య అలమరకి మేకు కొట్టమంటే, ముందు సుత్తి చేస్తారు. సుత్తి చేయడానికి ఒక పనిముట్టు, ఆ పనిముట్టుకి ఇంకొకటి... అలమర మాత్రం అలాగే ఉంటుంది. సరే, అసలు సంగతికొస్తాను.

మా సంఘంలో హోరెస్ బిలింగమ్ అని గొలుసుల ఫ్యాక్టరీ గుమాస్తా. వాళ్ళమ్మాయి డోరీన్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ కాలికి ఇనుప పట్టీ ఉంటేనే నడక. ఓ శుక్రవారం ఆ పట్టీ మోకాలి దగ్గర రంధ్రంలో స్క్రూ పట్టుకునే మర చుట్లు అరిగి, స్క్రూ ఊడిపోయింది. బాగుచేయడానికి ఆస్పత్రివాళ్ళు మూడు వారాలన్నారు. సోమవారం పొద్దున డోరీన్‌కి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇంటర్వ్యూ.

"చంకకర్రలతో వెళ్ళమ్మా, ఏం పోయింది?" అన్నాడు హోరెస్.

"వెళ్ళను నాన్నా. వాళ్ళు కర్రల్ని చూస్తారు. నన్ను చూడరు."

ఆ రంధ్రంలో కాస్త పెద్ద మర కోసి, కొత్త స్క్రూ చేయాలి. కానీ ఆ కొలత మర కోసే పనిముట్టు ఏ దుకాణంలోనూ లేదు. హోరెస్ తనే చేసుకోవాలి. చూస్తే అతని లేత్ మోటారు కాలిపోయి ఉంది.

ఈనాక్ లేత్ వాడుకోమని అతని భార్య కెజయా షెడ్డు తాళం ఇచ్చింది. "చీకటి పడకముందే వచ్చెయ్ బాబూ," అంది. "చక్ కీ గోడ మీద మేకుకి తగిలించాకే స్విచ్చి ముట్టుకో."

చీకటి పడకముందు రావడమే కుదరలేదు. పనిముట్టు రూపం ఆదివారం పగలే వచ్చింది. దాన్ని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచాలంటే మాత్రం చీకటి కావాలి. ఉక్కు కాలి ఏ ఎరుపుకొచ్చిందో వెలుతురులో కంటికి తెలియదు. నవంబరు నెల. అయిదుకే చీకటి పడింది. హోరెస్ బల్బు ఆర్పాడు.

మంట వెలిగించాడు. ఉక్కు నల్లగా... ఇటుక రంగుగా... చెర్రీ పండు రంగుగా మారింది. ఆ ఎర్రటి వెలుగులో లేత్ నీడ గోడంతా లేచింది. పక్కన ఇంకో నీడ — మనిషంత.

తన నీడే అనుకున్నాడు. చేయి ఎత్తాడు. అది ఎత్తలేదు.

ముక్కని నూనెలో వదిలేశాడు. చుయ్ మంది. మళ్ళీ కటిక చీకటి.

గోడ తడుముకుంటూ వెళ్ళి బల్బు వేశాడు. గోడకి వేలాడుతున్నది ఈనాక్ పాత కోటు. "ఛీ, కోటుకి చేయెక్కడ లేస్తుంది!" అని తనని తనే తిట్టుకున్నాడట. పారిపోదామనిపించింది. బల్ల మీద డోరీన్ పట్టీ... కదల్లేదతను.

పెళుసు తగ్గడానికి పనిముట్టుకి మళ్ళీ కొంచెం వేడి చూపించాడు. పట్టీలో మర కోశాడు, చక్కగా పడింది. ఇక కొత్త స్క్రూ తల పలచన చేయడమే మిగిలింది. చక్‌లో బిగించాడు. ముఖం వంచి చూసుకుంటూ స్విచ్చి మీద చేయి వేశాడు —

టింగ్.

కీ చక్‌లోంచి కింద రేకు పళ్ళెంలో పడింది. కీ తీయడం మరిచిపోయి... స్విచ్చి వేయబోయాడు. ముఖం సరిగ్గా దానికెదురుగా ఉంది.

"ఈనాక్..." అన్నాడు గుసగుసగా.

కీ మేకుకి తగిలించి, స్క్రూ ముగించి, పరుగెత్తాడు.

సోమవారం డోరీన్ తన కాళ్ళ మీద నడిచెళ్ళింది. ఉద్యోగం వచ్చింది.

గురువారం సంఘంలో హోరెస్ ఇదంతా చెబితే ముసలి సైలస్ టీ పొలమారేలా నవ్వాడు. "ఓరి పిరికి సన్నాసీ! ఈనాక్ ఆ కీకి స్ప్రింగు పెట్టుకుంటానన్నాడు. చేయి వదిలితే చాలు, అదే బయటికి తన్నుకొస్తుంది. వాడికి కొలతలు గీసిచ్చింది నేనే!"

అందరం నవ్వాం. హోరెస్ కూడా.

నాకు చదువు అంటించిన తిక్క ఒకటుంది, ఊరుకోలేను. "మరి స్ప్రింగుంటే ఈనాక్ ఎలా పోయాడు?" అన్నాను.

సైలస్ కప్పు కింద పెట్టాడు.

మరునాడు సాయంత్రం నేనూ, హోరెస్ తాళం తిరిగివ్వడానికి కెజయా దగ్గరికెళ్ళాం. స్ప్రింగు మాట అడిగితే ఆమె ఒక పొగాకు డబ్బా తెచ్చింది. అందులో చిన్న స్ప్రింగు, సగం చెక్కిన ఇత్తడి గొట్టం.

"రాత్రికల్లా కీకి బిగిస్తానన్నాడు," అంది. "ఆ గొట్టం చెక్కుతూనే పోయాడు."

మేము షెడ్డుకెళ్ళాం. మేకు మీద కీ ఉంది — ఒట్టి ఇనుప కడ్డీ. స్ప్రింగు లేదు. నేను దాన్ని చక్‌లో పెట్టి చేయి తీశాను. నిమిషం చూశాం. రెండు నిమిషాలు. బిగుసుకుని అలాగే నిలబడింది.

"చాలు సార్, పదండి," అన్నాడు హోరెస్. అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

బల్బు ఆర్పి, తలుపు తాళం వేశాం. గట్టు మీద నాలుగడుగులు వేశాక హోరెస్ నా చేయి పట్టుకున్నాడు.

"సార్... కీ తీశారా?"

తీయలేదు.

వెనక్కి తిరిగాను. తాళం చెవి ఇంకా నా చేతిలోనే ఉంది. షెడ్డులోంచి...

టింగ్.